పోయినవాడు ఉప్పు అడిగాడు

చచ్చిపోయిన మనిషి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉప్పు అడిగాడు. మా సీరియల్లో పదమూడో అధ్యాయం అలా ముగిసింది. రాసింది అక్క. ఆ మనిషిని ఆరో అధ్యాయంలో నదిలో ముంచి చంపింది నేను. మెట్ల మీద నిలబడి ఆ కాగితం చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలు. తోడికోడళ్ళు ఒక వంటింట్లో వారం రోజులు కలిసి వండితేనే చుట్టాలు నోళ్ళు వెళ్ళబెడతారు. మేమిద్దరం ఇరవై రెండేళ్లుగా ఒకే కలంపేరుతో ఒక వారపత్రికకి సీరియళ్లు రాస్తున్నాం. ఆ పేరు వెనక ఇద్దరు ఆడవాళ్లున్నారని ఎడిటర్‌గారికి తప్ప బయట ఎవరికీ తెలియదు. బావగారు పోయి ఆరేళ్లయింది. అక్క పై వాటాలో ఒక్కతే ఉంటుంది, నేనూ మా ఆయనా కింద. మధ్యలో పద్నాలుగు మెట్లు. ఏడో మెట్టు మీద ఒక పాత బిస్కెట్ డబ్బా.

ఆ డబ్బాయే మా ఆఫీసు. బేసి అధ్యాయాలు అక్కవి, సరి అధ్యాయాలు నావి. రాసిన అధ్యాయం ఒక ప్రతి ఎడిటర్‌గారికి పంపి, ఒక ప్రతి డబ్బాలో పెట్టాలి. అవతలివాళ్లు తీసి చదువుకుని అక్కణ్ణుంచి అందుకోవాలి. మొదటి సీరియల్ అంతా ముందే మాట్లాడుకుని రాశాం. చివర ఏమవుతుందో ఇద్దరికీ తెలిసిపోయేసరికి రాసే మాకే ఆవలింతలు వచ్చాయి, చదివేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అప్పుడు అక్క రెండు నియమాలు పెట్టింది. రాయబోయేది ముందు చెప్పుకోకూడదు. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేయకూడదు. డబ్బాలో పడ్డది ఏదైనా సరే, అది జరిగిపోయినట్టే.

ఉత్కంఠ ఎలా పుట్టిస్తారని పాఠకులు ఉత్తరాల్లో అడుగుతుంటారు. నాకు ముక్కు మీద కోపం, అందుకే తగువులు పెట్టే పని నాకు అచ్చొచ్చింది. నా పద్ధతి మొరటుది. పాత్రకి ఒక కోరిక ఇస్తాను, దాని ముందు ఒక తలుపు మూస్తాను, తాళంచెవి తీసుకెళ్లి ఆ పాత్రంటే గిట్టనివాళ్ల చేతిలో పెడతాను. ఇక వాళ్లే కొట్టుకు చస్తారు. అక్క పద్ధతి వేరు. ఆవిడ ఏదీ దాచదు. అన్నీ బల్ల మీదే పెడుతుంది, చదివేవాడి చూపు మాత్రం ఇంకో పక్కకి తిప్పుతుంది. ఇంటావిడ గాజుగ్లాసు తుడవడం గురించి అరపేజీ రాస్తుంది. ఆ అరపేజీలోనే లాయరు ఉత్తరం తీసి జేబులో వేసుకుంటాడు. మనం గ్లాసు చూస్తూ కూర్చుంటాం. "అనుమానించుకోడానికి వాళ్లకి ఏదో ఒకటి పడెయ్యి, ఇక అసలుదాని జోలికి రారు" అంటుంది.

ఈ సీరియల్ ఒక పాత అద్దె ఇంటి కథ. గదులు అద్దెకిచ్చే ఇంటావిడ, ఒక నర్సు, ఒక లాయరు, గడియారాలు బాగుచేసే ఆయన. ఆ ఇంటావిడ అంటే అక్కకి ప్రాణం. ఆవిణ్ణి ఎంత ఓపిగ్గా రాస్తుందంటే, ఆవిడ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటుంటే నాకు ఆ తడి తెలుస్తుంది. నేను చంపింది గడియారాలాయన్ని. అందరూ వెళ్లి శవాన్ని గుర్తుపట్టారు, ఏడ్చారు, గది ఖాళీ చేశారు. ఏడు అధ్యాయాల తర్వాత ఆయన వచ్చి ఉప్పు అడిగాడు.

కొట్టేయడానికి లేదు, పైకెళ్లి నిలదీయడానికి లేదు. నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరి వేశాను. అన్నం మాడింది, మా ఆయన నోరెత్తకుండా తిన్నాడు. అయిదో రోజు దారి దొరికింది. నదిలో దొరికింది ఇంకెవరో. ఆయన కోటు చూసి ఆయనే అని అందరికంటే ముందు చెప్పింది నర్సు. ఎందుకు చెప్పింది? అక్కడ ఆపాను. ఆ సంచిక వచ్చిన వారం ఎడిటర్‌గారు స్వయంగా ఫోన్ చేసి, ఇరవై రెండేళ్లలో ఇన్ని ఉత్తరాలు ఎప్పుడూ రాలేదన్నారు. అక్క కిందికి వచ్చి గుమ్మంలో నిలబడి నా వంక చాలాసేపు చూసింది.

"బాగా గట్టెక్కించావు" అంది.

పరీక్ష పెట్టినావిడ ఇచ్చిన మెప్పు అనుకుని పొంగిపోయాను. ఈవిడ నన్ను ఇంకా పరీక్షిస్తోందే అని కాస్త ఉడుక్కున్నాను కూడా.

అనుమానం మొదలైంది తర్వాతి వారం. అక్క రాతబల్లకి మూడు డ్రాయర్లు. ఏ ఒక్కదానికీ తాళం ఎరగను. కాగితాలు అతికించే గోంద్ సీసా కోసం పైకి వెళ్తే మధ్య డ్రాయరుకి తాళం వేలాడుతోంది. కొత్త తాళం, ఇత్తడిది, ధర చీటీ కూడా ఊడలేదు. నేను చూస్తుండగా అక్క దాని మీద చెయ్యి వేసి, "గోంద్ కిటికీలో ఉంది చూడు" అంది. కథలో నేనైతే ఈ తాళాన్ని మూడో అధ్యాయంలో పెడతాను. ఇంట్లో కనబడేసరికి గోంద్ తీసుకోకుండానే కిందికి వచ్చేశాను.

ఆ తర్వాత మంగళవారాలు. పదిన్నరకల్లా చేతిసంచి తగిలించుకుని బయల్దేరడం, ఒంటిగంటకి రావడం. ఎక్కడికంటే "టైలర్ దగ్గరికి" అంటుంది. రెండు మంగళవారాలు ఊరుకున్నాను. మూడోసారి ఆవిడ వీధి మలుపు తిరగ్గానే నా జాకెట్టు ఒకటి చంకలో పెట్టుకుని టైలర్ దగ్గరికి వెళ్లాను.

"మా అక్కగారు ఇప్పుడే వచ్చి వెళ్లారా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

టైలర్ మిషను ఆపలేదు. "ఆవిడ వచ్చి చాన్నాళ్లయిందమ్మా. కోపం వచ్చిందేమో అనుకుంటున్నా. ఏమన్నా అన్నానా నేను?"

"అబ్బే" అని జాకెట్టు అక్కడ పడేసి వచ్చాను. దానికి కుట్టాల్సింది ఏమీ లేదని తర్వాత గుర్తొచ్చింది.

మా ఆయనకి చెబితే పేపరు దించకుండానే, "నువ్వు రాసి రాసి ఇలా తయారయ్యావు. చక్కెర డబ్బా అటుది ఇటు జరిగినా కుట్ర అంటావు. వదిన ఎక్కడికో వెళ్తుంది, వస్తుంది. నీకెందుకు?" అన్నాడు.

నాకెందుకో ఆయనకి అర్థం కాదు. అక్క అధ్యాయాల్లోనూ తేడా వస్తోంది. తొమ్మిదో అధ్యాయంలో నర్సుకి కాలింది ఎడమ చెయ్యి. పదిహేనులో కట్టు కుడిచేతికి ఉంది. పదిహేడులో లాయరు తన తండ్రి గురించి మాట్లాడాడు, అతను అనాథ అని నాలుగులో ఉంది. అక్క అలాంటి పొరపాట్లు చేసే మనిషి కాదు. చేసిందంటే కావాలనే. నేను పూడ్చలేని గోతులు వెతికి తవ్వుతోంది. నర్సు కట్టు దొంగ కట్టని, లాయరు అనాథనని చెప్పింది అబద్ధమని రాసి రెండూ పూడ్చాను. పూడ్చిన కొద్దీ ఉత్తరాలు పెరిగాయి, నా నిద్ర తగ్గింది.

అప్పుడు ఎడిటర్‌గారు ఫోన్ చేశారు. అసలు విషయం చెప్పకుండా అయిదు నిమిషాలు నీళ్లు నమిలారు.

"మీకు చెప్పొద్దన్నారు, అయినా చెప్తున్నా. అవతల పత్రికవాళ్లు మీ అక్కగారిని కలిశారట. ఆవిడ పేరుతో ఒక్కరే నవల రాయమని. నిజమో కాదో నాకు తెలీదు. నా పేరు మాత్రం బయటపెట్టకండమ్మా."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఒక నిజం చెప్పుకోవాలి. నేను ముడులు వేయగలను, అంతే. ఆ ముడుల్లో చిక్కుకున్న మనుషులకి ఊపిరి పోసేది అక్క. ఆవిడ లేకుండా ఒకసారి కథ రాసి వేరే పేరుతో పంపాను, పద్దెనిమిదేళ్ల కిందట. తిరుగు టపాలో వచ్చింది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అక్క వెళ్లిపోతే నా రాత అక్కడితో ఆఖరు. ఆవిడకి నా అవసరం లేదని, నాకే ఆవిడ అవసరమని తెలిసి మరీ వెళ్తోందని నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది.

ఇరవయ్యో అధ్యాయం ఆ కోపంలో రాశాను. ఇంటావిడ మంగళవారం మంగళవారం ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్తుంది. ఇంట్లో ఉన్నవాళ్లందరినీ వీధిన పడేసి, ఆ ఇంటిని పరాయివాడికి అమ్మడానికి మాట్లాడుకుంటోంది. నర్సు వెంటపడి చూసి, భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ అడుగుతుంది. "ఇన్నేళ్లు మా ఉప్పు తిని మమ్మల్నే అమ్ముతావా?" అని. అధ్యాయం అక్కడ ఆపాను. అక్క ప్రాణం పెట్టి పెంచుకున్న మనిషిని ఆవిడ చేతుల్లోంచి లాక్కుని దొంగని చేశాను. రాస్తున్నప్పుడు చాలా హాయిగా అనిపించింది.

ఒక ప్రతి ఎడిటర్‌గారికి పంపాను. బుధవారం మధ్యాహ్నం అది అచ్చుకి వెళ్తుంది. ఇంకోటి సోమవారం సాయంత్రం డబ్బాలో పెట్టాను. పై నుంచి అడుగుల చప్పుడు, డబ్బా మూత చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. కిందికి దిగి వస్తుందని, తిడుతుందని, కనీసం మొహం మాడ్చుకుంటుందని చూశాను. మర్నాడు మంగళవారం. పదిన్నరకి చేతిసంచి తగిలించుకుని నా గుమ్మం ముందు నుంచే వెళ్తూ, "టైలర్ దగ్గరికెళ్లి వస్తా" అంది.

అంత చదివాక కూడా. చెప్పులు వేసుకుని వెంటపడ్డాను.

అక్క తొందరపడకుండా నడిచింది. మందుల షాపు దాటింది, బస్టాపు దాటింది. ఒక్కసారి కూడలి దగ్గర ఆగి అటూ ఇటూ చూసింది. నన్ను కనిపెట్టిందనుకుని సైకిల్ షాపులోకి దూరాను. ఆవిడ సంచిలోంచి ఒక చీటీ తీసి చూసుకుని, ఎడమవైపు తిరిగింది. అడ్రసు రాసిచ్చారన్నమాట, అనుకున్నాను. రెండు వీధులవతల ఒక పాత రెండంతస్తుల భవనం మెట్లెక్కి లోపలికి వెళ్లింది. బోర్డు మీద రంగు వెలిసిపోయింది. దగ్గరికి వెళ్తే తప్ప చదవలేకపోయాను. అది మున్సిపాలిటీ రీడింగ్ రూమ్.

పరాయి పత్రికవాళ్లని కలవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎవరూ మాట్లాడరు, ఎవరూ తల ఎత్తరు. పిల్లిలా లోపలికి వెళ్లి అలమారల వెనక నిలబడ్డాను. పొడవాటి బల్లలు, కిటికీ పక్కన ఇద్దరు ముసలాయనలు, మూలన అక్క. ఎదురుగా ఎవరూ లేరు. ఆవిడ ముందు మా వారపత్రిక పాత సంచికల కట్ట, పక్కన ఒక చిన్న నోటు పుస్తకం. పావుగంట చూశాను. ఎవరూ రాలేదు. అక్క పేజీలు తిప్పుతోంది, ఆగుతోంది, రాసుకుంటోంది.

లైబ్రేరియన్ పుస్తకాలు సర్దుతూ నా పక్కకి వచ్చింది.

"ఎవరికోసమండీ?" అంది మెల్లిగా.

"ఆ మూలన ఉన్నావిడ..." అన్నాను. "ఎవరైనా వస్తారా ఆవిడ కోసం?"

"లేదండీ, ఒక్కరే వస్తారు. ఆరేడు వారాలుగా ప్రతి మంగళవారం. ఈ సీరియల్ ఉంది చూశారా, గడియారాలాయనది, అదంటే ఆవిడకి పిచ్చి. వచ్చినప్పుడల్లా మొదటి సంచిక నుంచీ ఇమ్మంటారు." లైబ్రేరియన్ నవ్వింది. "పోయినవారం నేను ఉండబట్టలేక, 'ఆరో దాంట్లో గడియారాలాయన పోతాడు చూడండి' అన్నాను. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టి, 'చెప్పకండి, నేను ఇంకా అక్కడిదాకా రాలేదు' అన్నారు."

మొదట నాకు నవ్వొచ్చింది. అక్క నాటకం ఆడుతోందనుకున్నాను. కానీ ఎవరి కోసం ఆడుతుంది? ఆ లైబ్రేరియన్‌కి ఆవిడెవరో తెలియదు. అక్కడ చూపు తిప్పాల్సిన మనిషి ఎవరూ లేరు. అలమారని పట్టుకున్నాను. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, లాయరు తండ్రి, ఉప్పు. ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. అవి గోతులు కావు. నా కోసం తవ్వినవి అసలే కావు.

వెళ్లి అక్క వెనక నిలబడ్డాను. నోటు పుస్తకంలో గుండ్రటి అక్షరాలు, ఇరవై రెండేళ్లుగా నేను చదువుతున్నవే. ఒక పేజీ పైన "పోయినవాళ్లు" అని ఉంది. కింద గడియారాలాయన. దాని మీద గీత. పక్కన, "పోలేదు. పద్నాలుగులో చెల్లి బతికించింది."

"కూర్చో" అంది అక్క వెనక్కి తిరగకుండా. "సైకిల్ షాపులో దూరినప్పుడే చూశా."

కూర్చున్నాను. నోటు పుస్తకం వంక చూస్తూ అడిగాను.

"డాక్టర్‌కి చూపించావా?"

"చూపించా. జబ్బు పేరు ఏదో చెప్పాడు. రాసి పెట్టుకున్నా. ఆ కాగితం ఎక్కడ పెట్టానో తెలీదు." ఒక్క క్షణం ఆగి తనే నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

"పాత సంచికలన్నీ నా గదిలోనే ఉన్నాయి కదక్కా. అడిగితే ఇచ్చేదాన్నిగా."

"అడిగితే ఎందుకని అడిగేదానివి. పదమూడు రాసేటప్పుడు ఆయన బతికే ఉన్నాడనుకున్నానే. నీ పద్నాలుగు చదివాక తెలిసింది, నేను పోయినవాణ్ణి తెచ్చి భోజనానికి కూర్చోబెట్టానని."

"మరి డ్రాయరుకి తాళం?"

"ఈ పుస్తకం ఉంటుంది అందులో. అయినా తాళం వేసింది నువ్వు చూడాలనే. టైలర్ అని చెప్పిందీ అందుకే. నువ్వు వెళ్లి అడుగుతావని నాకు తెలుసు."

"అవతల పత్రికవాళ్లు?"

"వాళ్లెవరు?" అంది. అక్క కాసేపు ఆలోచించి, పుస్తకంలో వెనక్కి తిప్పి చూసుకుంది. "ఆఁ. అది నేనే చెప్పా ఎడిటర్‌గారికి. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని మరీ చెప్పా. అలా అయితే తప్పకుండా చెప్తారని."

"ఎందుకక్కా ఇదంతా?" నా గొంతు లేచింది. కిటికీ పక్క ముసలాయన తలెత్తి చూశాడు.

అక్క సంచిక మూసింది. "నేను మోసం చేస్తున్నాననుకుంటే నాతో పోట్లాడతావు. నువ్వు పోట్లాడితే నాకు బలం. నేను మరిచిపోతున్నానని తెలిస్తే? జాలిపడతావు. నా అధ్యాయాలు నాకు తెలీకుండా దిద్దేస్తావు. ఒకరోజు మొత్తం నువ్వే రాసేసి, బాగా రాశావక్కా అంటావు. అది నేను ఓర్చుకోలేను. అందుకని అనుమానించుకోడానికి నీకు ఏదో ఒకటి పడేశా."

నాకు ఏడుపొచ్చింది, బహిరంగంగానే ఏడ్చాను. లైబ్రేరియన్ నీళ్లు తెచ్చి పెట్టి, మా ఇద్దరి వంకా చూసి, "ఏ అధ్యాయమండీ?" అని అడిగింది.

తేరుకున్నాక ఇరవయ్యో అధ్యాయం గుర్తొచ్చింది. రేపు మధ్యాహ్నం లోపు ఎడిటర్‌గారికి ఫోన్ చేసి ఆపిస్తానన్నాను. ఇంటావిణ్ణి దొంగని చేసిన పేజీలన్నీ చింపేస్తానన్నాను.

"ఎందుకు? బాగుంది" అంది అక్క. "నిన్న రాత్రి రెండుసార్లు చదివా. ఒళ్ళు మండి రాశావు, అది తెలుస్తోంది. కొట్టేయకూడదని నియమం పెట్టుకున్నాం కదా. నేను మర్చిపోలేదు."

"అయితే ఇప్పుడు ఏం చేయమంటావు?"

"వచ్చే అధ్యాయం నాది. నేను ఏం రాసినా, మరిచిపోయి రాసిందని చూడకు. కావాలనే రాసిందని చూడు. ఇన్నాళ్లూ చూసినట్టే." నా మణికట్టు పట్టుకుంది. "నన్ను అనుమానించడం మానెయ్యకు చెల్లీ. అంతకంటే ఏమీ అడగను."

అలాగేనన్నాను. కలిసి ఇంటికి నడిచాం. కూడలి దగ్గర ఆవిడ ఆగి సంచిలో చెయ్యి పెట్టింది. ఆ చీటీ నాకు ఇప్పుడు కనిపించింది. దాని మీద వెళ్లేటప్పుడు ఎడమవైపు అనీ, మా ఇంటికి కుడివైపు అనీ రాసి ఉంది. ఆవిడ చదువుకుని కుడివైపు తిరిగేదాకా ఆగాను.

వారం తర్వాత డబ్బా మూత చప్పుడైంది. ఇరవై ఒకటో అధ్యాయం తీసుకుని ఏడో మెట్టు మీదే కూర్చున్నాను. భోజనాల బల్ల. నర్సు వేలెత్తి చూపుతోంది, అందరూ ఇంటావిడ వంక చూస్తున్నారు. ఇంటావిడ జవాబు చెప్పబోతుంది. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. గడియారాలాయన లోపలికి వస్తాడు. పోయిన మనిషిని మొదటిసారి చూసినట్టే నర్సు చేతిలో గ్లాసు జారి పగులుతుంది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని ఉప్పు అడుగుతాడు. పదమూడో అధ్యాయంలో ఉన్న మాటలే, ఒక్క అక్షరం తేడా లేకుండా.

చాలాసేపు ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పైన అక్క ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పైకెళ్లి ఆవిణ్ణి పట్టుకోవాలనిపించింది, వెళ్లలేదు. మాట ఇచ్చాను.

కాబట్టి అక్క ఇది కావాలనే చేసింది. మహా గడుసుది, ఏదో పెద్ద ఎత్తే వేసింది. ఒక మనిషి ఒకే బల్ల దగ్గర రెండుసార్లు ఉప్పు ఎందుకు అడుగుతాడు? మొదటిసారి అడిగినప్పుడు ఎవరూ ఇవ్వలేదు. నేను వెనక్కి వెళ్లి చూశాను, నిజంగానే ఎవరూ ఇవ్వలేదు. అందరూ ఆయన బతికి ఉన్నాడని హడలిపోయారే తప్ప, ఆయన అడిగింది ఏంటో ఎవరూ పట్టించుకోలేదు.

లేచి కిందికి వెళ్లాను. బల్ల ముందు కూర్చుని కొత్త కాగితం తీసి, ఇరవై రెండు అని పైన వేశాను. ఆ బల్ల దగ్గర ఉప్పుగిన్నె ఎవరి చేతికి దగ్గరగా ఉందో ముందు కనుక్కోవాలి.